అక్షరాలకు వదిలిన జాగా

లేబుల్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి ఏం కావాలో తెలియదు, ఏం వద్దో మాత్రం బాగా తెలుసు. జువ్వలదిన్నె నుంచి వచ్చిన వనజాక్షీ అంతే. అత్త పేరమ్మ పేరు పెట్టి రొయ్యల పచ్చడి అమ్ముతుంది. సీసా మీదికి ఫొటో కావాలని కోవూరులో మా షాపులో కూర్చొని రెండు గంటలు నా ప్రాణం తోడేసింది.

డబ్బు కట్టి వాడుకునే ఫొటోల సైటు తెరిచి చూపించాను. తెల్లకోటు వంటవాణ్ణి చూసి, "ఇది రొయ్యలు వొలిచిన మొహమేనా అన్నా?" అంది. నవ్వుతున్న అమ్మాయిని చూసి, "ఆ గోళ్లతో కలిపితే ఎవురు తింటారు?" అంది. ఒళ్లు మండింది గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

చివరికి సముద్రతీరం అని వెతికాను. పొద్దుటి వెలుగు, తడి ఇసుక, నీళ్లవైపు నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తున్న ఒక మనిషి. కొనేదాకా సైటు పేరు ఫొటోకు అడ్డంగా ఉంటుంది కాబట్టి మొహం సరిగా తెలియలేదు. వనజాక్షి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇది కొనన్నా."

కొన్నాను. అడ్డం పోయింది. నీలం చొక్కా, భుజం దగ్గర ఎర్రదారంతో కుట్లు.

"ఆ కుట్లు నేను వేసినయ్యే. ఈయన మా ఆయన."

ఆమె భర్త రెండేళ్ల కిందట చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. కర్మ చేసేద్దామని ఇంట్లోవాళ్లు ఎంత పోరినా ఈమె ఒప్పుకోలేదు, బొట్టు తీయలేదు. ఎందుకో అప్పుడు చెప్పింది. ఆ రోజు సెల్లు మర్చిపోయాడని వెనకనుంచి పిలిచిందట. అట్లా పిలిస్తే మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చొని, నీళ్లు తాగి పోవాలి. అతను రాలేదు.

"ఇట్టనే తిరిగి చూసి, నవ్వి పోయినాడన్నా. నా నోరే ఆయన్ని మింగింది."

ఫొటో సైటులో పెట్టింది పోయిన నెల. చోటు ఏదో దూరదేశం. బతికే ఉన్నాడేమోనని ఆమెకు ఆశ, ఆమెను చూసి నాకూ ఆశ. ఆ మనిషి ఎవరు, ఎక్కడున్నాడని ఫొటో తీసినవాడికి రాశాను.

నాలుగో రోజు జవాబు వచ్చింది. ఆమెను పిలిపించాను. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చదివాను.

"నా ఫొటోలో మనిషి లేడు. అది ఖాళీ తీరం. కొన్నవాళ్లు అక్షరాలు వేసుకుంటారని జాగా వదిలి తీశాను."

తన దగ్గరున్న ఫొటో కూడా పంపాడు. అదే అల, అదే ఇసుక. మనిషి లేడు. నా దగ్గరున్న దాంట్లో ఉన్నాడు.

"నీకూ కనపడతా ఉండాడా అన్నా?"

"కనబడుతున్నాడమ్మా."

ఆమె గ్లాసు నిండా నీళ్లు పట్టి కంప్యూటర్ ముందు పెట్టింది. వేరే రోజైతే షాపెగిరిపోయేలా అరిచేవాణ్ణి. తను కూర్చునే కుర్చీని తెర ముందుకు లాగింది.

"కూర్చో. తాగి పో."

ఇద్దరం గోడకానుకొని నిలబడ్డాం. బయట ఆటోలు పోతున్నాయి. కుర్చీలో మెత్త నెమ్మదిగా కిందికి అణిగింది. అటు చూడలేక గ్లాసువైపు చూశాను. నీళ్లు తగ్గుతున్నాయి. గ్లాసు ఖాళీ అయ్యాక మెత్త మళ్లీ పైకి లేచింది. తెరమీద ఇసుక మాత్రం ఉంది.

వనజాక్షి అక్కడే కూలబడి ఏడ్చింది. ఆపడానికి నేనెవర్ని? చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. అంతవరకు ఆయన అనడమే తప్ప భర్త పేరు ఆమె నోట నేను వినలేదు.

"అత్త పేరు తీసెయ్యన్నా. మధుబాబు అని వెయ్యి. జాగా ఉంది కదా."