తప్పు మేక

ఆ పొద్దున ఆకాశం గోదావరి వైపు నుంచి రాగిరంగు తిరిగి అట్లాగే ఆగిపోయింది. ఉరుము లేదు, గాలి లేదు. ఇప్పచెట్ల మీద కాకి కూడా నోరు తెరవలేదు. పినపాక దగ్గర బస్సు దిగిన ముత్తయ్య ఆ ఎర్రమబ్బు కిందనే అడవిబాట పట్టి, మేకను లాక్కుంటూ ఊరి మొదటికి చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

బోరింగు దగ్గర ముసలి బాలి తన బిందెను పక్కకు జరుపుకుంది, అతని నీడ పడకుండా.

"జైలు కూడు బాగనే ఒంటబట్టిందిరా. మేక ఎవలికి?"

"తప్పు కట్టనీకి, అవ్వా. బొజ్జయ్య బావ ఇంటికి."

"తీస్కుంటే బతుకుతవ్. విప్పి ఎల్లగొట్టిన్రనుకో, ఎనక్కి సూడకుంట ఉరుకు."

ఆమె చెప్పాల్సిన పనిలేదు. చావుకు కారణమైనవాడు మేకను తెచ్చి ఆ ఇంటి గుంజకు కట్టాలి. ఇంటివాళ్లు దాన్ని కోసి అతనితో కలిసి తింటే పగ తీరినట్టు. విప్పి వదిలేస్తే ప్రాణానికి ప్రాణమే కావాలన్నట్టు. ఆ ఊళ్లో పాలుతాగే పిల్లకు తప్ప అందరికీ తెలిసిన సంగతి.

రెండేళ్ల కింద ముత్తయ్య అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగాడు. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి బయల్దేరిన శివ దాని మీద అడుగేశాడు. బొజ్జయ్యకూ గంగక్కకూ వాడొక్కడే కొడుకు.

బొజ్జయ్య అరుగు మీద కూర్చుని గొడ్డలి నూరుతున్నాడు. తల ఎత్తలేదు. ముత్తయ్య మేకను గుంజకు కట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాయి మీద ఇనుము గీసుకుంటున్న చప్పుడు తప్ప వాకిట్లో ఇంకేమీ లేదు.

గంగక్క బయటికొచ్చింది. మేకను చూసింది, అతన్ని చూసింది. తిన్నగా గుంజ దగ్గరికి పోయి ముడి విప్పి, మేక వీపు మీద ఒక్కటి చరిచింది. అది అడవివైపు పరుగెత్తింది.

గొడ్డలి చప్పుడు ఆగింది.

ముత్తయ్య రెండు చేతులూ జోడించాడు. "అక్కా, తప్పు తీస్కో అక్కా! నీ కాళ్లు మొక్కుత."

"ఒద్దు. లోపలికి రా."

ఉరకాలనుకున్నాడు. ఎక్కడికని ఉరుకుతాడు? తన ఇంటికప్పు ఎప్పుడో కూలింది, పెళ్లాం పుట్టింటికి పోయింది. తల వంచుకుని గడప దాటాడు.

లోపల మూడు అడ్డాకుల విస్తర్లు వేసి ఉన్నాయి. గోడకు ప్రార్థన మందిరం వాళ్లిచ్చిన క్యాలెండరు. దాని పైన, చూరులో, పత్తికి కొట్టే మందు డబ్బా. గంగక్క అన్నం, చింతచిగురు కూర వడ్డించింది. ముత్తయ్య చూపు డబ్బా మీద నుంచి విస్తరి మీదికొచ్చి అక్కడే నిలిచింది. చెయ్యి లేవలేదు.

గంగక్కకు అర్థమైంది. అతని విస్తరిలోంచే ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"తప్పు తీస్కోలేదంటే పగే గదా అక్కా? మరి గిట్ల కూడు పెడ్తవేంది?"

"తప్పు కట్టినంక పెడ్తే అది నీ మేక కూడైతది, నాది గాదు." ఆమె మెల్లగా నమిలి మింగింది. "శివ పోయినంక ప్రభువును నోటికొచ్చినట్టు తిట్టిన. మందిరం గడప తొక్కలే. ఆయన నన్ను ఇడ్సిపెట్టలే. ఏ మేకా తెమ్మనలే."

"కోపం లేదా నా మీద?"

"ఉన్నది. పండుకున్నా లేసినా ఉన్నది. తిను."

గుమ్మంలో వెలుతురు పోయింది. బొజ్జయ్య గొడ్డలితో నిలబడి ఉన్నాడు.

"తప్పు తియ్యకుంట తినబెడ్తున్నవా? నీ దేవుడు నా కొడుకును మర్సిండా?"

"మర్వలే," అంది గంగక్క. "ఆయన కొడుకును గూడ సంపిన్రు. సంపినోళ్లనే రమ్మని పిలుస్తున్నడు."

దూరంగా మొదటి ఉరుము దొర్లింది. బొజ్జయ్య వచ్చి ముత్తయ్య వెనకే ఆగాడు. అతని ఊపిరి మెడకు తగులుతోంది. ముత్తయ్య కదల్లేదు. కన్నీళ్లు అన్నంలో పడుతుంటే మెడ ఇంకాస్త వంచాడు.

ఎంతసేపైందో. బొజ్జయ్య మూడో విస్తరి ముందు కూలబడ్డాడు. గంగక్క వడ్డించింది. గొడ్డలి అతని కుడిచేతిలోనే ఉంది. అన్నం కలపాలంటే ఆ చెయ్యి ఖాళీ కావాలి. విస్తరివైపు, చేతివైపు చూసుకున్నాడు. చివరికి గొడ్డలిని మోకాలి పక్కన, అందేంత దూరంలో, పదును ముత్తయ్యవైపే ఉండేట్టు పెట్టాడు.

చూరు మీద వాన మొదలైంది. పోయిన మేక తిరిగొచ్చి గుంజ దగ్గర అరుస్తోంది. ఎవరూ లేవలేదు. ముగ్గురూ తల వంచుకుని, విస్తర్లు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.