మునెప్ప మూర

హేమలతకు ఏ పనిలోనైనా అంచులు కుదిరితేనే మనసు కుదుటపడుతుంది. దుప్పటి మడిచినా అంతే, చీర కుచ్చిళ్ళు పెట్టినా అంతే. అందుకే జయచంద్ర సార్ కుప్పం నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆ పుంగనూరు ఆవుల పేపరు ఇప్పటికైనా ఇస్తావా? పశువుల్ని సాకే కుటుంబాల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నాం. నెలాఖరుకు ప్రెస్‌కి పోవాలి" అన్నప్పుడు ఆమె వెనకాడలేదు. రాసింది ఉండనే ఉంది. దాన్ని పత్రికవాళ్ళ పద్ధతిలో సర్దడమే మిగిలిన పని.

జయచంద్ర సార్ ఒకప్పుడు ఆమె గైడు. కుప్పంలో ఎం.ఫిల్. చేస్తూ, పెద్దపంజాణి దగ్గరి ఒక పల్లెలో పొట్టి ఆవుల్ని సాకే మునెప్ప ఇంటికి ఆమె ఒక వేసవంతా తిరిగింది. ఆ తర్వాత పెళ్ళి, మదనపల్లెలో కాపురం, తేజస్విని పుట్టడం. బైండు చేయించిన ఆ వ్యాసం బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. ఇప్పుడు తీస్తే అట్ట నిండా కర్పూరం వాసన.

భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, వంట ముగిశాక రోజూ కొంత కొంత టైపు చేసింది. పత్రికవాళ్ళు పంపిన స్టైల్ షీటు పక్కనే పెట్టుకుంది. శీర్షిక ఏ సైజులో ఉండాలో, ఉపశీర్షిక ఎంత లావుగా ఉండాలో అందులో ఉంది. పట్టికకు పేరు పైన, బొమ్మకు పేరు కింద. పట్టికలో అడ్డగీతలే కానీ నిలువు గీతలు కూడదు. ఇలాంటి నియమాలంటే హేమలతకు ఇష్టం. ఎవరో తనలాంటి మనిషే కూర్చుని రాసినట్టు అనిపించింది.

డిగ్రీ చదువుతున్న తేజస్విని కాలేజీ నుంచి వచ్చి, తల్లి భుజం మీదుగా వంగి చూసి నవ్వింది.

"ఏందమ్మా, ఎడం పక్క ఇంత ఖాళీ వదిలినావు? ఆటో పట్టేలాగుండాది."

"బైండింగుకు. దారం తినేస్తుంది గదా."

"ఇది మెయిల్లో పోయేది. దీన్ని కుట్టేదెవురు?"

హేమలత కూడా నవ్వింది. కుప్పం బస్టాండు ఎదురుగా డీటీపీ సెంటరు నడిపిన ఎల్లప్ప చెప్పిన మాట అది. "ఎడం పక్క ఒకటిన్నర అంగుళం వదలాలమ్మా, లేకుంటే మాటలన్నీ దారం మింగేస్తాది" అనేవాడు. ఎల్లప్ప పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె ఒక్కో వాక్యం చదివేది, అతను టైపు కొట్టేవాడు. కరెంటు పోతే ఇద్దరూ బయటికొచ్చి టీ తాగేవాళ్ళు. కరెంటు వచ్చాక చూస్తే, సేవ్ చేయని పేజీ పోయేది. మళ్ళీ మొదటి నుంచి. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ టీ రుచి కూడా గుర్తొస్తోంది.

మార్జిను సరిచేసింది. తర్వాతి నియమం దగ్గర ఆగిపోయింది.

కొలతలన్నీ మెట్రిక్ ప్రమాణాల్లోనే ఉండాలి.

ఆమె పట్టికలో ఆవుల ఎత్తులు మూరల్లో ఉన్నాయి. ఆ వేసవిలో దర్జీ టేపు తీసుకునే వెళ్ళింది కానీ, మునెప్ప దాన్ని ఆవు దగ్గరికి రానివ్వలేదు. టేపు పెట్టి కొలిస్తే ఆవు ఎదగదని వాళ్ళ నమ్మకం. ఆవు పక్కన కర్ర నిలబెట్టి, మూపురం అందిన చోట బొటనవేలుతో పట్టుకుని, పక్కకు వచ్చి ఆ కర్రను తన చేత్తో కొలిచి చెప్పేవాడు. దాదాపు అన్నీ రెండున్నర మూరలు, అటూ ఇటూగా. చివరి వరసలో ఉన్న గౌరి ఒక్కటే రెండు మూరలు.

"మూరంటే పద్దెనిమిది అంగుళాలంట. సెంటీమీటర్లలోకి మార్చేయ్, అయిపోతాది" అంది తేజస్విని ఫోన్ చూసి.

మార్చింది. గౌరి తప్ప మిగిలిన ఆవులన్నీ నూట పద్నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూగా వచ్చాయి. హేమలత లేచి నిలబడి, గోడకు టేపు ఆనించి చూసుకుంది. ఆ కొలత ఆమె రొమ్ము దాకా వచ్చింది. మల్లి, బుడ్డావు, తెల్లావు ఆమెను ఒరుసుకుంటూ నడిచినప్పుడు, వాటి మూపురాలు చున్నీ ముడేసుకున్న నడుము దగ్గరికే అందేవి. ఆ వెచ్చదనం తగిలిన చోటు ఆమెకు ఇంకా తెలుసు.

"ఇది తప్పు" అంది.

"ఎవురు సూస్తారమ్మా?"

"నేను చూశాను గదా."

రాసిన పేపరు ఇదొక్కటే. ఇకముందు ఇంకోటి రాస్తుందో లేదో తెలియదు. ఈ ఒక్కదాంట్లో ఆవులు జెర్సీ సీమావులంత ఎత్తుగా అచ్చయితే, మొత్తం వేసవే అబద్ధమైపోతుంది. ఆ ఆవులు ఇప్పుడు లేవు. కొలిచిన చెయ్యి ఉంది. మునెప్ప, అతని భార్య వెంకటలక్ష్మమ్మ ఇప్పుడు పుంగనూరులో కొడుకు ఆనంద్ దగ్గర ఉంటున్నారు. ఆ మధ్య బోయకొండ గుడిలో కనబడినప్పుడు ఆనంద్ తన నంబరు ఇచ్చాడు. మరునాడు పొద్దున టేపు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని హేమలత పుంగనూరు బస్సెక్కింది.

ఆనంద్ పాల కంపెనీలో ఉద్యోగి. కాలనీలో కొత్తగా కట్టుకున్న ఇల్లు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో మునెప్ప కూర్చుని ఉన్నాడు. తోలడానికి ఏమీ లేకపోయినా చేతిలో కర్ర ఉంది.

"ఎవురూ? మన సదువుల పాపా? ఏమే, పాప వచ్చిండాది సూడు!"

"పాపేంది, దాని కూతురే పాప ఇప్పుడు" అంటూ వెంకటలక్ష్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "రామ్మా, కూసో. ఏంది ఇంత సిక్కిపోయినావు?"

పదేళ్ళుగా ఎవరూ తనను చిక్కిపోయావని అనలేదు. హేమలతకు ఆ అబద్ధం తీయగా అనిపించింది.

"ఆవులేమీ లేవాప్పా ఇప్పుడు?"

"యాడుండాయి! నేను సాకినప్పుడు పొట్టావంటే మొగం తిప్పుకోని పోయినారు. ఇప్పుడు పొట్టిదే కావాలంట. హాల్లో టీవీ ముందర కట్టేసుకుంటారంట గదా. నన్ను అడిగింటే నేనూ పొట్టోన్నే, వచ్చి కూసోనుందునే."

"నిన్ను కట్టేసుకుంటే పాలెవురిస్తారు?" అంది వెంకటలక్ష్మమ్మ.

కాఫీ తాగాక హేమలత వచ్చిన పని చెప్పింది. పుస్తకంలో అచ్చు వేస్తున్నారని, మూరలు చెల్లవంటున్నారని, అందుకే అప్పటి మూర ఎంతో తెలియాలని.

"అంటే నా సెయ్యి కొలుస్తావా?"

"అవునప్పా."

"గాజులేమన్నా ఏపిస్తావా?"

ఆమె టేపు తీసి, ఒక్క క్షణం తటపటాయించింది. మునెప్ప గమనించాడు. "ఆవుకు కూడదు గానీ నాకేమి? పెట్టు పెట్టు. నేనింక ఎదిగేదేముండాది?"

కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆనించి, పిడికిలి బిగించి నిలబెట్టాడు. ఎండిన కట్టెలాంటి చెయ్యి, అయినా ఎముక నిటారుగా ఉంది.

"వేళ్ళు చాపప్పా."

"సాపేదెందుకు? నీకు కొలిసింది పిడికిలితోనే గదా."

హేమలత టేపు దించి ఆ పిడికిలి వైపు చూసింది. వెంకటలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"సెప్పుకో ఇప్పుడు. సదువుకునే పిల్లను మోసం జేసినోడా" అంది మొగుణ్ణి చూసి. తర్వాత హేమలత వైపు తిరిగింది. "నువ్వు పశువులాస్పత్రి నుంచి వచ్చినావనుకున్యాడమ్మా ఈయప్ప. పొట్టివని రాసుకోని పోతే జాతి మార్చేదానికి సీమావు సూదులేస్తారని భయం. పిడికిలితో కొలిస్తే మూర సిన్నదైతాది గదా, లెక్కలో ఆవు పెద్దదైతాది."

"మోసమేంది?" అన్నాడు మునెప్ప. "మూర మూరే. ఏళ్ళు యాల సాపలేదని ఆయమ్మ అడగలేదు, నేను సెప్పలేదు."

అడగలేదు. నిజమే. ఆ రోజుల్లో ఆమె కళ్ళు ఆవు మీద, పుస్తకం మీద ఉండేవి కానీ చెయ్యి మీద లేవు.

"మరి గౌరి? అదొక్కటే రెండు మూరలు చెప్పినావే."

ఈసారి జవాబు వెంకటలక్ష్మమ్మే చెప్పింది. "గౌరిని కొలిసిన పొద్దు నువ్వు మా ఇంట్లో సంగటి తిన్యావు. తినేసి గిన్నె నువ్వే కడిగి బోర్లించినావు. ఆస్పత్రోళ్ళు యాడన్నా గిన్నెలు కడుగుతారా? ఈయమ్మి మన పిల్లేనని అప్పుడు ఏళ్ళు సాపినాడు."

హేమలతకు ఆ మధ్యాహ్నం కళ్ళ ముందు నిలబడింది. రాగి సంగటి, నంజుకోవడానికి వేరుశనగల ఊరుబిండి, కారానికి కళ్ళలో నీళ్ళు, మంచినీళ్ళ చెంబు అందించిన మునెప్ప చెయ్యి, ఇదే చెయ్యి. గిన్నె కడగడం ఆమెకు గుర్తు కూడా లేదు. తిన్న గిన్నె కడిగిపెట్టడం అమ్మ నేర్పిన అలవాటు, ఎక్కడికెళ్ళినా చేసేదే.

పిడికిలితో ఒకసారి, వేళ్ళు చాపించి ఒకసారి కొలిచింది. పిడికిలితో ముప్పై నాలుగు సెంటీమీటర్లు, చాపితే నలభై నాలుగు. వెళ్ళేటప్పుడు వెంకటలక్ష్మమ్మ చెనక్కాయల సంచి చేతికిచ్చింది. "ఈ తూరి తినకుండా పోతాండావు. మళ్ళీ ఏ పిడికిలి బిగిస్తాడో ఏమో" అంది.

బస్సులో కూర్చుని హేమలత ఫోన్లో లెక్క వేసింది. పిడికిలితో రెండున్నర మూరలంటే ఎనభై అయిదు. చాచిన చేత్తో రెండు మూరలంటే ఎనభై ఎనిమిది. గౌరి పొట్టిది కాదు. మిగతా వాటికంటే ఒక పిసరు పొడుగే.

పేపరుకు ప్రాణమంతా గౌరి మీద రాసిన పేరానే. మిగతా మందలో లేని పొట్టితనం దీనికెలా వచ్చిందని, పాత జాతికి మిగిలిన ఆఖరి గుర్తేమో ఇదని, ఇరవై రెండేళ్ళ వయసులో చాలా ముచ్చటపడి రాసింది. జయచంద్ర సార్ తరగతిలో అందరి ముందు చదివి వినిపించింది ఆ పేరానే. ఆ రోజు హాస్టలుకు నడిచి వెళ్తుంటే కాళ్ళు నేల మీద లేవు. గౌరిని కూడా పిడికిలితోనే కొలిచాడనుకుని లెక్క కడితే, పేరా నిలుస్తుంది. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. బస్సు మదనపల్లె చేరేదాకా ఆ ఆలోచన ఆమె పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది.

మరునాడు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి, ఆ పేరా మొత్తం తీసేసింది. పేజీలో తెల్లటి ఖాళీ పడింది. కింది శీర్షిక పైకి జరిగింది, పట్టిక పక్క పేజీకి పోయింది, అంకెలన్నీ మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. పాలు పొంగిపోయాయి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక రాసింది. మొదటి ఆవుల్ని బిగించిన పిడికిలితో, చివరి ఆవును చాచిన వేళ్ళతో కొలిచారని.

మెయిల్ చాలు, కానీ సార్‌కు తెర మీద చదవడం ఇబ్బంది. ప్రింటు తీయించుకుని కుప్పం వెళ్ళింది. ఎల్లప్ప సెంటరు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంది. అయినా రోడ్డు దాటుతూ అటు చూసింది.

జయచంద్ర సార్ రిటైరై చాలాకాలమైనా జేబులో ఎర్ర పెన్సిల్ పోలేదు. అరలోంచి ఆమె పాత వ్యాసం కాపీ తీసి పక్కన పెట్టుకుని, కొత్త పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.

"మార్జిన్లు బాగున్నాయి. ఉపశీర్షికలు బాగున్నాయి. గౌరి ఏదమ్మా? అది లేకుండా ఏం మిగిలింది?"

"పట్టికలో ఉంది సార్, చివరి వరసలో. పేరా తీసేశాను."

జరిగింది చెప్పింది. ఆయన పాత కాపీలో అదే పట్టిక తెరిచాడు. గౌరి పక్కన ఆయనే వేసిన ఎర్ర ప్రశ్నార్థకం ఇంకా ఉంది, కొంచెం వెలిసిపోయింది.

"నేను అడిగాను గదా, ఇదొక్కటే ఇంత పొట్టిగా ఎందుకుందని?"

"అడిగారు సార్. నేను ఆవునే చూసి జవాబు రాశాను."

ఆయన గమనిక మళ్ళీ చదివాడు. "ఇదీ కొత్త విషయమే. కొలిచేవాడు ఎవరికి కొలుస్తున్నాడో దాన్నిబట్టి మూర మారుతుందన్నమాట. కానీ చివరి ఆవు దగ్గర వేళ్ళు ఎందుకు చాచాడో రాయలేదే?"

"ఆ రోజు వాళ్ళింట్లో అన్నం తిన్నాను సార్. దానికి ఆధారం ఎలా చూపించాలో స్టైల్ షీటులో లేదు."

సార్ కళ్ళజోడు తీసి చాలాసేపు నవ్వాడు. తర్వాత పెన్సిల్ ఆమె చేతికిచ్చాడు.

"రాయి. స్టైల్ షీటు రాసింది నేనే."

హేమలత పేజీ తిప్పి, గమనిక కింద మిగిలిన చోటు చూసుకుంది. అంచు దాటకుండా ఒక వాక్యం పడుతుంది. ఏం తిన్నదీ, గిన్నె ఎవరు కడిగిందీ అందులో రాసింది. ఊరుబిండికి మాత్రం చోటు చాలలేదు.