పోలేరమ్మ నాడి

నన్ను పొగిడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. తిరుపతిలో ఈ వైద్య కళాశాలకు ప్రిన్సిపాల్‌నైన ఆరేళ్ళలో నేను చేసినవి ఎప్పుడో జరగవలసిన పనులు. హాస్టల్ భోజనాల గదిలో కొందరికి వేరుగా వేసే పంక్తిని ఎత్తేయించాను. అర్హులు దొరకలేదని ఏటా ఖాళీగా వదిలేసే రిజర్వుడు సీట్లకు, ఊరూరూ మనుషుల్ని పంపి పిల్లల్ని వెతికించాను. రోగి చెయ్యి పట్టుకోకుండా చీటీ రాసిన విద్యార్థిని, వాడు ఎంతటివాడి కొడుకైనా సరే, పరీక్షలో ఫెయిల్ చేశాను. దీనికే సభలూ, దండలూ, పద్మాక్షమ్మగారు మా తల్లి అంటూ ఉపన్యాసాలూ. వినలేక మధ్యలో లేచి వచ్చేసిన సభలున్నాయి.

1961లో నేను చిత్తూరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. మాది గుడి కైంకర్యం చేసే వైష్ణవ కుటుంబం. ఆ రోజు ఇంట్లో తాతగారి తద్దినం. మడి కట్టుకొని వంటకు సాయం చేస్తుంటే హరిజనవాడ నుంచి కాన్పు కేసు వచ్చిందని కబురొచ్చింది. అలాంటి వాళ్ళను వెనక వరండాలో పడుకోబెట్టేవారు. నేను వెళ్ళేసరికి బిడ్డ పుట్టి ఏడుస్తోంది. తల్లి పోలేరమ్మ కదలడం లేదు. ముట్టుకుంటే మళ్ళీ తలస్నానం చెయ్యాలి, ఇంట్లో బ్రాహ్మలు ఆకుల ముందు కూర్చునే వేళ అవుతోంది. గడప ఇవతలే నిలబడి, "ఊపిరి ఉందా?" అని వార్డుబాయ్ కుప్పయ్యను అడిగాను.

"తెలీడం లేదమ్మా," అన్నాడు.

చనిపోయిందని రాసి సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను. సాయంత్రానికి నీళ్ళు పోసి, ఆ తడి చీరతోనే పూడ్చేశారు. మర్నాడు కుప్పయ్య నా ముఖం చూడకుండా, "ఎత్తేటప్పుడు కాళ్ళు ఎచ్చంగా ఉండాయమ్మా," అన్నాడు. జ్వరం ఉండి ఉంటుందిలే అన్నాను. ఇరవై మూడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నదీ అదే.

ఆ బిడ్డే దేవకమ్మ. అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటే వెతికి పట్టుకొని చదివించాను. ఇప్పుడు మా ఆసుపత్రిలోనే హౌస్ సర్జన్. "నాకెందుకు ఇంత సేస్తా ఉండారు మేడమ్?" అని ఎన్నిసార్లో అడిగింది. తెలివైనదానివి కాబట్టి అనేదాన్ని. అసలు సంగతి తెలిసిన రోజు ఈ పిల్ల నా ముఖం ఎలా చూస్తుందోనన్నదే నా భయం. ఇంకే భయమూ లేదు నాకు.

మొన్న వేసవిలో ఒక సోమవారం, ఓపీలో వరస చివర ఒకామె నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళు దాటవు. నీళ్ళలోంచి లేచి వచ్చినట్టు చీరంతా తడి. గోళ్ళు విరిగి ఉన్నాయి, వాటి నిండా ఎర్రమట్టి. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలి నుంచే చెయ్యి చాపింది.

"సచ్చినానో లేదో సూసి సెప్పమ్మా," అంది.

చీటీ రాయమని నర్సుతో అంటే, "ఎవరికి మేడమ్? అందరూ వెళ్ళిపోయారుగా," అంది ఆమె. నా కళ్ళకు వయసొచ్చిందనుకున్నాను. మరుసటి సోమవారం మళ్ళీ అదే చోట, అదే చెయ్యి. ఆ తరువాత సోమవారమూ అంతే. నేను కుర్చీలోంచి లేవలేదు. ఊరందరికీ రోగిని ముట్టుకొని చూడమని పాఠం చెప్పేదాన్ని, నాలుగడుగులు వేసి ఆ చెయ్యి పట్టుకోలేకపోయాను. పట్టుకుంటే ఏం తెలుస్తుందో నాకు తెలుసు. చేసిందల్లా దేవకమ్మను సోమవారాలు ఓపీకి రానివ్వకుండా పిల్లల వార్డుకు మార్చడమే.

నాలుగో సోమవారం ఓపీ హౌస్ సర్జన్‌కు జ్వరమొచ్చింది. అడక్కుండానే అతని బదులు దేవకమ్మ వచ్చి కూర్చుంది. పొమ్మనడానికి నాకు సాకు దొరకలేదు. పదకొండు దాటాక వరస తరిగింది. గడప అవతల చెయ్యి చాపుకొని ఆమె ఉంది.

"ఆయమ్మను ఆడనే నిలబెట్టినారేంది మేడమ్?" అని దేవకమ్మ లేచింది.

దేవకమ్మకు కనిపిస్తోంది! నేను వద్దనేలోగానే దేవకమ్మ గడప దాటి మెట్టు మీద కూర్చొని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని మణికట్టు పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"సన్నగా ఆడతా ఉండాది మేడమ్. ఐసు మాదిరి ఉండాది చెయ్యి, అయినా ఆడతా ఉండాది."

ఆమె దేవకమ్మను చూడకుండా నన్నే చూస్తోంది.

"ఈ బిడ్డ ఎవురమ్మా?" అని అడిగింది.

మా డాక్టరు అని ఊరుకోవచ్చు. అదీ నిజమే కదా. కానీ ఆ కళ్ళ ముందు ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది.

"నీ బిడ్డే పోలేరమ్మా," అన్నాను.

దేవకమ్మ తల ఎత్తలేదు. వేళ్ళు మణికట్టు మీదనుంచి తియ్యలేదు. రెండో చేత్తో ఆమె తల తన భుజం మీదికి తీసుకొని గడియారం చూస్తూ కూర్చుంది. వరండాలో పోయేవాళ్ళు ఆగి వింతగా చూస్తున్నారు, డాక్టరమ్మ ఒక్కతే మెట్టు మీద కూర్చొని ఏం చేస్తోందని.

"ఇప్పుడు ఆగింది," అంది చివరికి.

నేను చూసేసరికి మెట్టు మీద దేవకమ్మ తప్ప ఎవరూ లేరు.

"డాక్టరమ్మ గడపకాడనే నిలబడి రాసేసిందని అమ్మమ్మ సెప్పేది. ఆ పొద్దు మీరు ముట్టుకోలేదు కదా?"

"లేదు."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. లోపలికి వచ్చి ఒక చీటీ తీసుకొని, తల్లి పేరూ, ఆ సోమవారం తేదీ, చనిపోయిన వేళ పదకొండూ ఇరవై అనీ రాసి నా ముందు పెట్టింది. మేడమ్ అనలేదు.

"సంతకం పెట్టండి. నేను ముట్టుకొని సూసినాను."