రాకెట్లకు పనికిరాని బేరింగులు

మా మామగారు చేసే బేరింగులు నిజంగానే మంచివి. ఆ మాట జనం అనేదాకా ఆగే ఓపిక మాత్రం ఆయనకు లేదు. కోతలు మొదలుపెట్టారంటే ఆపడం మా అత్తగారి తరం కూడా కాదు.

పనుల్లేక వర్క్‌షాపు మూతపడే స్థితికొస్తే, కాళ్ళరిగేలా తిరిగి నేనో విదేశీ ఆర్డరు తెచ్చాను. ఆసుపత్రుల్లో రక్తాన్ని వేరుచేసే యంత్రాలకు బేరింగులు కావాలి. అంత కచ్చితంగా తిరిగే బేరింగులు ఆయుధాల్లోకీ వెళ్ళొచ్చు కనుక, దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. దరఖాస్తు అంతా నేనే నింపి, సంతకం కోసం మామగారికి ఇచ్చాను.

‘ఇంకా వేటికి వాడవచ్చు?’ అన్నచోట నా జవాబు కింద కాస్త ఖాళీ మిగిలింది. ‘రాకెట్లకు, క్షిపణులకు కూడా భేషుగ్గా పనికొస్తాయి’ అని ఆయన చేర్చి, నాకు చెప్పకుండా పంపేశారు.

అనుమతి ఆగిపోయింది. ఎందుకాగిందో తెలిశాక నాకు ఒళ్ళు మండింది.

"కొంప ముంచారు కదా మామయ్యా!"

"మన సరుకు గురించి మనమే తక్కువ చేసి రాసుకుంటామా అమ్మా?" అన్నారాయన అమాయకంగా.

కొనేవాళ్ళు నెలాఖరు దాకానే ఆగుతామన్నారు. ఈలోగా తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. కొనేవాళ్ళ కాగితాలన్నీ చదివి, బల్ల మీది బేరింగు తీసి వేలికి తొడిగి తిప్పింది.

"ఇవి నిజంగా రాకెట్లలో పనిచేస్తాయా?"

మామగారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు వెనకాల ఏమొస్తుందో నాకు తెలుసు. పనివాళ్ళు మిషన్లు ఆపి చూస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు చూశారు, తర్వాత నా వైపు.

"పనిచెయ్యవండీ," అన్నారు. "గోళీల్ని పట్టి ఉంచే చట్రం ప్లాస్టిక్‌ది. ఆ వేడికి కరిగిపోతుంది. ఏదో గొప్ప కోసం రాశాను."

అంత చిన్న గొంతు ఆయనకుందని అప్పటిదాకా నాకు తెలియదు. కోపమంతా పోయి జాలేసింది. ఆమె ఒక బేరింగు విప్పించి చూసింది. పరీక్షకని మరో రెండు తీసుకుంది.

"ఇప్పుడు చెప్పిందే కాగితం మీద రాసివ్వండి పెద్దాయనా," అంది నవ్వాపుకుంటూ.

నెలాఖరు రాకముందే అనుమతి వచ్చింది. పెట్టెలు లారీకెక్కుతుంటే మామగారు డ్రైవర్ని పట్టుకున్నారు.

"జాగ్రత్తయ్యోయ్! ప్రభుత్వమే వచ్చి చూసి పంపిస్తున్న సరుకిది. ఆర్డరు తెచ్చిందెవరనుకున్నావ్? మా కోడలు! నేను చెడగొడితే మళ్ళీ నిలబెట్టింది. ఆ పిల్లే లేకపోతే ఈపాటికి ఈ షెడ్డుకి తాళం పడేది."

డ్రైవరు తాళ్ళు బిగించుకుంటూ వినీవిననట్టు తలూపాడు. నేను మాత్రం చేతిలో పని ఆపేసి మొత్తం విన్నాను. మామగారి కోతలకు అడ్డుపడాలని మొదటిసారి నాకు అనిపించలేదు.