మూత మీద లేని పేరు

నేను ఒక ఇత్తడి పాచికను. నాకు ఇరవై ముఖాలు. మనుషులకు ఒక్కటే ఉంటుందని చాలాకాలం నమ్మాను.

పెంబర్తిలో ఐలాచారి కొలిమి దగ్గర పుట్టాను. ఇరవై ముఖాలూ సమానంగా రావాలని స్రవంతి అడిగితే ఆయన ముక్కున వేలేసుకున్నాడు.

"గుళ్ల పెడ్తవా బిడ్డా, మెడల ఏసుకుంటవా?"

"ఆటకు, బాబాయ్."

"గింత కష్టం ఆటకా!" అని నవ్వుతూనే, ఏ వైపుకూ మొగ్గకుండా ఆకురాయితో నన్ను ఓపిగ్గా అరగదీశాడు.

స్రవంతి కాజీపేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేషన్లు వేసే ఇంజినీరు. నన్ను చేయించింది తన కోసం కాదు, కాలేజీ నాటి స్నేహితుడు నవనీత్ పుట్టినరోజుకు. హనుమకొండలో అతని డాబా మీది గదిలో ప్రతి ఆదివారం నలుగురైదుగురు చేరేవారు. నవనీత్ తను కల్పించిన రాజ్యం కథ చెప్పేవాడు. మిగతావాళ్లు ఆ కథలో వీరులుగా, దొంగలుగా, మంత్రగత్తెలుగా మాట్లాడేవారు. తలపెట్టిన పని ఫలిస్తుందో లేదో తేలనప్పుడు నన్ను దొర్లించేవారు. పెద్ద అంకె పడితే పని జరిగినట్టు. లేని కోటల కోసం ఉన్న స్నేహితులు గొంతు చించుకోవడం నాకు భలే ముచ్చటగా ఉండేది.

ఒకనాడు నవనీత్, "నెల తిరిగేసరికి మహీధర మహారాజు కోట లేచి నిలబడ్డది" అన్నాడు.

స్రవంతి ఫక్కున నవ్వింది. "నెలలనా? రాయి ఎవరు కొట్టిండ్రు, దయ్యాలా?"

"ఆటనే కదనే!"

"ఆటైతే మాత్రం కూలోళ్లు తినరా?"

ఆ మాటే ఆమెను పట్టుకుంది. సెలవు దొరికితే పాడుబడ్డ కోటల చుట్టూ టేపు పట్టుకుని తిరిగింది. రాళ్లు కొట్టేవాళ్ల పక్కన కూర్చుని, ఒక మనిషి పొద్దంతా ఎంత రాయి చెక్కగలడో చూసింది. బురుజు లేవాలంటే ఎన్ని బండ్లు తిరగాలి, సున్నం ఎంత నానాలి, పనివాళ్లకు ఎన్ని పుట్ల జొన్నలు కావాలి, వాన పడితే పని ఎన్నాళ్లు ఆగుతుంది... అన్నీ ఆటలో ఇమిడేలా నియమాలుగా మలిచింది. మూడేళ్లు పట్టింది. ఆ నియమాలు వచ్చాక మా ఆట తీరే మారిపోయింది. కోట కట్టడమే యుద్ధంకన్నా ఉత్కంఠగా ఉండేది.

తర్వాత ఒక పండగ ముందు హైదరాబాదులో బొమ్మల దుకాణంలో స్రవంతికి కొత్త ఆటపెట్టె కనబడింది. పేరు 'రాతికోట'. లోపల నవనీత్ చెప్పిన కథలూ, ఆమె కట్టిన లెక్కలూ. మూత మీద నవనీత్ పేరొక్కటే.

ఆమె నేరుగా అతని ఇంటికే వచ్చింది. నేను బల్ల మీదే ఉన్నాను.

"నా పేరేది, నవనీత్?"

"లెక్కలకు ఓనర్లుంటరా, స్రవంతీ? రెండు రెళ్లు నాలుగని ఎవరు కనిపెట్టిండ్రో ఎవలకన్న ఎరుకనా?" అన్నాడతను, టీ తాగుతూ.

ఆమె కేకలు వేయలేదు. నన్ను తీసి బ్యాగులో వేసుకుని మెట్లు దిగిపోయింది.

సున్నం ఎంత నానితే అంత గట్టి పడుతుందంటారు. ఆమె పగను అలాగే నానబెట్టింది. అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు. తిట్టలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఆఫీసులో ఖాళీ దొరికితే నన్ను పిడికిట్లో పట్టుకుని కూర్చునేది. నా అంచుల అచ్చులు ఆమె అరచేతిలో ఎర్రగా తేలేవి.

చలికాలంలో హైదరాబాదులో ఆటల మేళా జరిగింది. వేదిక మీద నవనీత్ అందరి ముందూ 'రాతికోట' ఆడించాడు. మహీధర మహారాజు తనే. పెట్టెను అచ్చువేసిన అనసూయగారు ముందు వరసలో కూర్చున్నారు. "రాజుకు ఒక మేస్త్రి కావాలె. ఎవరొస్తరు?" అని అతను మైకులో పిలవగానే స్రవంతి లేచి వెళ్లింది. అతని మొహం పాలిపోయింది. కానీ నలుగురి ముందు వద్దనలేకపోయాడు.

కోట పని మొదలైంది. మేస్త్రి కూలీలకు జొన్నలడిగింది. జనాన్ని నవ్వించాలని రాజు, "తిండి తర్వాత, బురుజు ముందు!" అన్నాడు. తిండి లేకపోతే పనివాళ్లు వెళ్లిపోతారన్నది ఆటలో నియమం. సగం మంది వెళ్లిపోయారు. గోడకు పడమటి వైపు గండి మిగిలింది. అప్పుడే శత్రుసేన వచ్చింది.

"మేస్త్రి గండి కాడికి పోయి, దివిటీ ఊపి శత్రువులను లోపలికి పిలుస్తది" అంది స్రవంతి.

"అదేంది! నువ్వు రాజు మనిషివి గద!"

"పాచిక వేస్తున్న" అని నన్ను విసిరింది.

బల్ల మీద దొర్లుతూ ఆమె మొహం చూశాను. పెద్ద అంకె పడాలని నాకూ ఉంది. కానీ ఐలాచారి నన్ను ఎవరి పక్షమూ ఉండకుండా చేశాడు. మూడు పడింది.

నవనీత్‌కు ప్రాణం లేచివచ్చింది. "దొరికిపోయింది! కట్టింది మేస్త్రే కావచ్చు. కానీ కోట రాజుది, పేరూ రాజుదే. చరిత్రల ఎప్పుడైనా గంతే!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

స్రవంతి అతని చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇన్నరు గద. ఈ పెట్టెల లెక్కలన్నీ నేను కట్టినయ్. మూత మీద పేరు ఈయనది. రాజు మాట అనుకుంట ఈయన నోటితోనే ఒప్పుకున్నడు."

అనసూయగారు లేచారు. "నవనీత్, అబద్ధమని ఒక్కమాట చెప్పండి, చాలు" అన్నారు. అతను బల్ల మీది పావులు ఏరి పెట్టెలో వేయసాగాడు.

అక్కడితో ఆగి ఉంటే అది న్యాయం అయ్యేది. పెట్టెలు వెనక్కి రప్పించి, ఇద్దరి పేర్లతో మళ్లీ వేద్దామన్నారు అనసూయగారు. స్రవంతి ఒప్పుకోలేదు. తన పేరొక్కటే ఉండాలంది, లేదంటే కోర్టుకెళ్తానంది. ఆమె మాటే నెగ్గింది. మహీధర మహారాజు కథలతో సహా కొత్త పెట్టె వచ్చింది.

నవనీత్ కాజీపేట వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "లెక్కలు నీవే, స్రవంతీ. తప్పు చేసిన. కానీ కథలు నావి గద?"

"నీవే" అంది ఆమె. తలుపు వేసేసింది.

ఆమె పిడికిలి బిగుసుకోలేదు. నేను ఆ చేతిలోనే ఉన్నాను కాబట్టి తెలుసు. పశ్చాత్తాపం రాలేదు, ఏడుపూ రాలేదు. కడుపు నిండిన మనిషిలా నిద్రపోయింది.

ఇప్పుడు ఆమె బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంటున్నాను. మొన్నొక ఆదివారం, పని చేసుకుంటూ ఏదో ఆలోచనలో నన్ను దొర్లించింది. ఇరవై పడింది. ఆమె ఎవరికో చూపించడానికన్నట్టు చప్పున తలెత్తి ఎదుటి ఖాళీ కుర్చీ వైపు చూసింది.