పెద్దగంట తర్వాతి పాట

మా జావాలో కంచువాద్యాల మేళంతో పాడే పాటగత్తె, చరణం చివర మోగే పెద్దగంట కంటే ముందు పాట ముగించకూడదు. వాద్యాలన్నీ స్వరం మీద వాలాలి, పెద్దగంట మోగాలి, ఆ మోత ఇంకా గాలిలో ఉండగా ఆవిడ తీరిగ్గా వచ్చి చేరాలి. ముందే వచ్చేస్తే అతిథుల కంటే ముందు కంచం పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

మా చెల్లెలు రుమియాతికి ఆ ఆలస్యమే ఆస్తి. అది వినడానికే పెళ్ళిళ్ళలో జనం కుర్చీలు ముందుకు లాక్కునేవారు. నేను దాని వెనకే కూర్చుని కంచుపలకలు వాయిస్తాను. అది ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో దాని మొగుడికి తెలియదు, నాకు తెలుసు.

అలాంటిది ఈ వానాకాలం నుంచి గంట కంటే ముందే దూకడం మొదలుపెట్టింది.

మా బృందానికి పెద్ద, డోలు వాయించే దర్సోనో గారు. ఆయన సాధనలో అందరి ముందూ అనేశారు.

"పేరొచ్చేసింది కదా, ఇక గంటతో పనేముంది! వరికోతలయ్యాక ఊరిపెద్ద కూతురి పెళ్ళికి ఇంకో అమ్మాయిని చూస్తున్నా."

రుమియాతి చేతిలో టీ గ్లాసు గడగడ వణికింది. నాకు ఒళ్ళు మండింది. పొగరుకి చేతులు వణుకుతాయా?

ఇంట్లోనూ దాని తీరు మారిపోయింది. మారు అన్నం పెట్టించుకుని తింటోంది, రవికలు మాత్రం వదులైపోతున్నాయి. చన్నీళ్ళు పోసుకుని వచ్చినా చెమటలే. ఊరికే ఏడుపు, ఆ వెంటనే కోపం. పక్కింటి సుమార్ని అనే ఆవిడ, ఒంట్లోకి గాలి దూరిందని తేల్చేసి, నూనె రాసి నాణెంతో వీపంతా ఎర్రగా గీసింది. మావాళ్ళ దృష్టిలో నాణేనికి లొంగని జబ్బే లేదు. ఇది లొంగలేదు.

"మెడ చూపించవే," అన్నాను.

"ఏం లేదు, పో అక్కా."

"ఏం లేకపోతే ఇంత ఉక్కలో మెడకి గుడ్డెందుకే?"

గుడ్డ లాగేశాను. గుటక వేసినప్పుడల్లా గొంతు కింద వాపు పైకీ కిందకీ కదులుతోంది. అప్పుడు బయటపడింది దాని అసలు భయం.

"కోసేస్తారక్కా! పక్కూరి సురతినా ఇలాంటి వాపే కోయించుకుని ఏమైంది? బజార్లో బేరమాడటానిక్కూడా గొంతు లేదిప్పుడు. గుండెదడతో చచ్చినా సరే, నేను రాను."

"చద్దువుగాని, ముందు నీ చోట్లో ఇంకో దాన్ని కూర్చోబెడుతున్నారు. లే!"

ఊరి ఆరోగ్యకేంద్రం డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. ఫలితం చూసి, ఇది థైరాయిడ్ గొడవ, ఆ గ్రంథుల వైద్యమే ప్రత్యేకంగా చదివిన హప్సరి గారికి చూపించండని సోలో నగరానికి పంపాడు.

హప్సరి గారు మెడ తడిమారు, నాడి చూశారు, చేతులు చాపమన్నారు. ఇంకేమైనా మార్పు ఉందా అని అడిగితే, నేను గంట సంగతి చెప్పాను.

"మీ బృందంలో వేగం ఎవరి చేతిలో ఉంటుంది?" అన్నారావిడ.

"డోలు దర్సోనో గారి చేతిలో."

"ఒంట్లో దర్సోనో గారు ఈ థైరాయిడ్ గ్రంథి. నీ లోపలున్న ఆయన ఆగకుండా పరిగెత్తిస్తున్నాడమ్మా. గుండె, కడుపు, చేతులు, కోపం, అన్నీ ఆయన వెంటే పరుగు. పాట మాత్రం ఆగుతుందా?"

"అయితే నాది పొగరు కాదా?" అంది రుమియాతి. ఏడుస్తూనే నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్ళయిందో.

"మరి కోత?" అని తనే మళ్ళీ అడిగింది.

"ముందు మాత్రలతో తగ్గిద్దాం. కొందరికి కొయ్యాల్సి వస్తుంది, అందరికీ కాదు. వస్తే, గొంతు నరాన్ని కాపాడటంలో చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరికే పంపుతాను. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఈ మాత్రలకి అరుదుగా రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. జ్వరమో గొంతునొప్పో వస్తే మీ పాటగాళ్ళ కషాయం తాగి పడుకోవద్దు. మాత్ర ఆపేసి, ఆ రోజే వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి."

"తాగనిస్తానా? చెంబు నేలకేసి కొడతాను," అన్నాను.

తిరిగి రాగానే దర్సోనో గారింటికి వెళ్ళాను.

"అది పొగరు కాదు, జబ్బు. మందు దొరికింది. ఆ చోట్లో ఇంకెవరైనా కూర్చుంటే నా పలకలు నేను పట్టుకుపోతా."

"బెదిరిస్తున్నావా, కర్సినా?"

"అవునండీ."

ఆయన మీసం కింద నవ్వుకుని సరేనన్నారు.

వరికోతలయ్యేసరికి రవికలు మళ్ళీ బిగిశాయి, గ్లాసు వణకడం మానేసింది. పెళ్ళిరోజు మిట్టమధ్యాహ్నం పందిట్లో వాద్యాలు స్వరం మీద వాలాయి, పెద్దగంట మోగింది. రుమియాతి ముగించలేదు. మోత పలచబడుతోంది. అప్పటికీ లేదు. పాడవే అని వీపు మీద ఒక్కటి వెయ్యాలనిపించింది. అప్పుడు వచ్చింది దాని గొంతు, నింపాదిగా, ఎక్కడ వాలాలో అక్కడే వాలింది. ముందు వరసలో ఎవరో కుర్చీ ఇంకా దగ్గరకి లాక్కున్నారు. నాకు పలకలు సరిగ్గా కనపడలేదు, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పాటయ్యాక ముందుకు వంగి దాని చెవిలో అన్నాను.

"ఏంటే అంత ఆలస్యం? ప్రాణం పోయింది నాకు!"

"తొందరేముందక్కా," అంది.