పదకొండో పేజీ

"దింపెయ్ అక్కా, అందులో అడగడానికేముంది! తను ఖాళీయే."

భర్త ఆ మాట అనేటప్పటికి ఆమె వంటింటి గుమ్మానికీ భోజనాల బల్లకీ మధ్య ఉంది. చేతుల్లో పొగలు కక్కుతున్న కూర గిన్నె. రెండు గుడ్డ ముక్కలతో అంచులు పట్టుకున్నా వేళ్లు చురుక్కుమంటూనే ఉన్నాయి. ఆదివారం భోజనం. బల్ల చుట్టూ అత్తగారు, వదిన, వదిన భర్త, వాళ్ల పిల్లలూ ఈమె పిల్లలూ, తలవైపు కుర్చీలో ఆయన. వచ్చే నెల రెండో వారం వదిన వాళ్ల ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఆ వారం రోజులూ పిల్లల్ని ఎక్కడ ఉంచాలా అని వదిన నసుగుతోంది. ఆ నసుగుడు పూర్తికాకముందే తమ్ముడు వరమిచ్చేశాడు. ఇచ్చింది తన వారం కాదు కాబట్టి చెయ్యి ధారాళంగానే సాగింది. ఆమె గిన్నె బల్లమీద పెట్టి, గరిటె వేసి, "వేడిగా ఉంది, చూసుకోండి" అంది. ఆ క్షణాన నోటికొచ్చింది అదొక్కటే.

వచ్చే నెల రెండో వారం ఆమె అసలు ఊళ్లోనే ఉండదు. పాత్రికేయుల, ఎడిటర్ల సంఘం ఒకటుంది, దేశదేశాల్లో సభ్యులున్నది. ఆ వారం దాని మహాసభ. ఇంట్లో కూర్చుని పత్రికలకు పనిచేసే ఆడవాళ్ల గురించి మాట్లాడమని ఈమెని పిలిచారు. పెళ్లయ్యాక తన పని కోసం తను ఒక్కతే ప్రయాణం చెయ్యడం ఇదే మొదలు. ఆ సంగతి ఆయనకి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఒకసారి చెప్పింది, కారులో ఒకసారి చెప్పింది, టికెట్టు తీసుకున్న రోజు ఫోనులో చూపించి మరీ చెప్పింది. చెప్పినప్పుడల్లా "వెరీ గుడ్" అన్నాడు. ఆయన వెరీ గుడ్‌లు అలాగే ఉంటాయి. చెవిదాకా వచ్చిన మాటని గుమ్మంలోనే నిలబెట్టి మర్యాదగా పంపేస్తాయి.

భోజనమయ్యాక ఆయన చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వస్తే, ఆమె గొంతు తగ్గించి గుర్తుచేసింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. పాపం, నిజంగానే మర్చిపోయాడు.

"అయ్యయ్యో, సారీ. నాదే పొరపాటు, పూర్తిగా నాదే" అన్నాడు. కుళాయి హోరులో ఆ సారీ ఆమెకి తప్ప ఇంకెవరికీ వినబడలేదు. "కానీ ఇప్పుడు అక్కకి మాటిచ్చేశాను కదా. బావ ముందు నా పరువేం కావాలి చెప్పు? మీ మీటింగు కంప్యూటర్లో కూడా చూడొచ్చుగా. వచ్చే ఏడాది వెళ్దువుగానిలే. ఈసారికి సర్దుకో, ప్లీజ్." ఆమె భుజం మీది తువ్వాలుకే తడి చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

సర్దుకోవడం ఆమెకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు వారపత్రిక ఆఫీసులో కిటికీ పక్కన ఆమెకో బల్ల ఉండేది. ఇతరులు రాసినవి దిద్దడం, తప్పుల్ని పట్టుకోవడం, వంకర వాక్యాన్ని నిలబెట్టడం ఆమె పని. రెండో బిడ్డ పుట్టినప్పుడు మేనేజరు, "ఇంట్లో హాయిగా ఉండండమ్మా, పని మేమే పంపిస్తాం" అన్నాడు. బల్ల పోయింది, జీతం పోయింది, పని మాత్రం మాట తప్పకుండా వచ్చింది. చుట్టాలతో ఆయన, "తనే మానేసింది, ఇల్లంటే తనకి ప్రాణం" అని చెప్పాడు. అదేమిటని అడిగితే, "తీసేశారని చెప్తే నీకే నామోషీ కదా, నీ కోసమే అలా అన్నాను, సారీ" అన్నాడు. అప్పుడూ వంటింట్లోనే. ఇప్పుడామె పనిబల్ల ఈ భోజనాల బల్లే. కంచాలు వస్తే కంప్యూటరు లేవాలి, కంచాలు లేస్తే కంప్యూటరు రావాలి. "ఆ కామాలేవో కాస్త పక్కన పెట్టి టీ పెట్టమ్మా" అంటుంది అత్తగారు. ఆవిడ చెడ్డది కాదు, నిజంగానే కామాలంటే పక్కన పెట్టదగ్గవనుకుంటుంది. ఇంటి నిండా మంచివాళ్లే. అందుకే ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి ఆమెకి చోటు దొరకలేదు ఇన్నేళ్లూ.

సంఘంలోకి ఆమెని లాక్కొచ్చింది ఒక పెద్దావిడ. ఎక్కడో దూరాన ఉండి వ్యాసాలు రాసేది. ఆవిడ వ్యాసం ఒకటి దిద్దుతూ ఈమె పక్కన చిన్న అనుమానం రాసి పంపింది: "ఈ నది ఆ ఊరికి పడమటనా, తూర్పునా? మరోసారి చూడగలరా?" మర్నాడు ఫోను. "ఎవరమ్మా నువ్వు? ఇన్నేళ్లుగా ఆ నదిని తప్పు దిక్కున పారిస్తున్నాను, ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఏ సంఘంలో ఉన్నావు?" ఏ సంఘంలోనూ లేనండి, ఇంట్లో ఉన్నాను అంది ఈమె. "ఇంట్లో అందరం ఉంటాం, సంఘంలోకి రా" అంది పెద్దావిడ. కామా కోసం ఎవరితోనైనా తగువుకు దిగే మనిషి కాబట్టి ఈమె మనసులో ఆవిడకి కామా పెద్దమ్మ అని పేరు పెట్టుకుంది.

నెలకోసారి బుధవారం మధ్యాహ్నం, పిల్లలు బడిలో, అత్తగారు కునుకులో ఉండగా, ఆమె భోజనాల బల్ల మీది కంప్యూటరులో సంఘం వాళ్ల చిన్న చిన్న కిటికీలు తెరుచుకుంటాయి. ఒకరి వెనక మంచు కురుస్తుంటుంది, ఒకరి నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటుంది. ఒకరికి అప్పుడే తెల్లారుతుంది, ఒకరింట్లో దీపాలు వెలుగుతుంటాయి. దేవతలేమీ కారు. సంఘం ఎన్నికలప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒకసారి సంఘం ఆహ్వానపత్రంలో అచ్చుతప్పు పడితే, ఎడిటర్ల సంఘంలో ఎంత రాద్ధాంతం జరగాలో అంతా జరిగింది. కానీ ప్రతి సమావేశం మొదట్లో వాళ్లకో ఆచారం ఉంది. దాన్ని సవరణల వంతు అంటారు. ఆ నెల తాను వదిలేసిన తప్పేమిటో, దాన్నెలా దిద్దారో ఒక్కొక్కరూ చెప్పాలి. ఎవరూ ఎత్తిపొడవరు. చెప్పడం అయ్యాక అందరూ కప్పులు పైకెత్తుతారు, అంతే. కూరలో ఉప్పు ఎక్కువైతే వారం దాకా తలుచుకునే ఇంట్లోంచి వెళ్లిన ఆమెకి, తప్పు చేసి కూడా తలెత్తుకుని కూర్చోవచ్చని మొదటిసారి చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. కెమెరా కాసేపు ఆపేసి ముక్కు చీదుకుని వచ్చింది.

ఆ రోజే కామా పెద్దమ్మ తన పాత తప్పు చెప్పింది. చిన్న వయసులో, పత్రికలో చేరిన కొత్తలో, బతికున్న వ్యాపారి ఒకాయన్ని పొరపాటున మొదటి పేజీలో చంపేసిందట. మర్నాడు సవరణ వేశారు, పదకొండో పేజీలో, చెప్పుల ప్రకటన కింద. ఆ పెద్దమనిషి కర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. "ఏమమ్మా, చావడానికి మొదటి పేజీ ఇచ్చి, బతకడానికి పదకొండో పేజీ ఇస్తావా? ఊళ్లో సగంమంది నన్నింకా శవంలాగే చూస్తున్నారు" అన్నాడట. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వాగాక పెద్దమ్మ, "అప్పటినించీ నాకు ఒకటే నియమం. తప్పు ఏ పేజీలో పడితే సవరణ ఆ పేజీలోనే పడాలి" అంది.

ఈసారి బుధవారం ఆమె కంప్యూటరు తెరిచింది రాలేనని చెప్పడానికే. ఎలా చెప్పాలో ముందే మనసులో దిద్దిపెట్టుకుంది: ఇంట్లో అనుకోని పని పడింది, మన్నించండి, నా చోటు ఇంకెవరికైనా ఇవ్వండి. చాలా మర్యాదైన వాక్యం. ఎవరి పేరూ లేదు, ఎవరి తప్పూ లేదు. ఆమె వంతు వచ్చింది.

"ఈ నెల నేనొక వాక్యం వదిలేశాను" అంది. తనలోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"ఎవరు రాసింది?" అంది పెద్దమ్మ.

"రాయలేదండి, అన్నారు. మా ఆయన."

"ఏమన్నాడు?"

"'తను ఖాళీయే' అన్నారు. సభ జరిగే వారం మా వదిన పిల్లల్ని నాకు ఒప్పగించారు. పొరపాటు జరిగిందని తర్వాత ఒప్పుకున్నారు కూడా."

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. ఆమెని జాలిగా చూడలేదు. పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని, పని మాట్లాడుతున్నట్టే అడిగింది. "ఏ పేజీలో పడింది?"

"భోజనాల బల్ల దగ్గర. అందరి ముందూ."

"సవరణ ఎక్కడ వేశారు?"

ఆమె భుజం మీది తువ్వాలు సర్దుకుని, "వంటింట్లో" అంది.

కిటికీలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. ఆమె కూడా నవ్వింది, అత్తగారు లేస్తుందేమోనని తువ్వాలు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. కళ్లలోంచి నీళ్లు వచ్చేదాకా నవ్వాక చూస్తే అవి నవ్వు నీళ్లో ఏడుపు నీళ్లో తెలియలేదు. ఇన్నేళ్ల సారీలూ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కటీ కుళాయి చప్పుడు దాటి బయటికి రాలేదు. అందుకే వదినకీ ఆవిడ భర్తకీ ఈ ఇంటికొచ్చే చుట్టాలందరికీ ఆమె ఇంకా ఖాళీగానే ఉంది, ఇల్లంటే ప్రాణమై ఉద్యోగం మానేసే ఉంది. మంచు ఊరి ఆవిడ కప్పు పైకెత్తి, "కార్యక్రమం అచ్చుకి వెళ్లిపోయింది. నీ పేరు తియ్యం. నువ్వు రాకపోతే ఆ అరగంటా నీ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంటాం" అంది. ఈ మనుషులు తనకేమవుతారు? చుట్టాలు కారు, ఇరుగుపొరుగు కారు. ఒక్కరినీ ఎదురుగా చూడలేదు. అయినా తనకొక పని ఉందని, ఆ పనిలో తనకొక చోటుందని నమ్మి, ఆ చోటు పట్టుకుని కూర్చున్నారు. "థాంక్యూ" అంది. అది చాలదనిపించి మళ్లీ అంది.

ఆదివారం వచ్చింది. పిల్లల బట్టలు, మందులు, తిండీతిప్పల సంగతులు చెప్పడానికి వదిన వాళ్లు మళ్లీ భోజనానికి వచ్చారు. ఆమె గిన్నెలన్నీ ఒకేసారి బల్ల మీదికి చేర్చి, వంటింట్లోంచి ఎత్తుపీట తెచ్చుకుని, ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చుంది. అందరూ తినేదాకా ఆమె కూర్చోవడం ఆ బల్ల ఎరగదు. అత్తగారు వింతగా చూసి, ఏమనుకుందో ఏమో, తన కంచం కాస్త జరిపింది.

"పోయిన ఆదివారం ఇక్కడ ఒక పొరపాటు జరిగింది వదినా" అందామె. "దాన్ని ఇక్కడే సరిచెయ్యాలి." ఆయన వైపు తిరిగి, "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

ఆయన మొహం ఎర్రబడింది. వంటింటి వైపు చూశాడు. లోపలికి రా మాట్లాడుకుందాం అన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ఆమె లేవలేదు. పిల్లలు కూడా నమలడం ఆపి నాన్న వంక చూస్తున్నారు. ఆయన నీళ్లు తాగాడు, గ్లాసు పెట్టాడు, మళ్లీ తీసుకోబోయి మానేశాడు.

"అక్కా, నేను తనని అడక్కుండా మాటిచ్చేశాను. తప్పు నాదే. ఎడిటర్ల సంఘం మహాసభలో తను మాట్లాడాలి. ఆ వారం తను ఖాళీ లేదు."

"ఓరి నీ తెలివి తెల్లారా! ఆ ముక్క అప్పుడే ఏడవొద్దూ?" అంది వదిన. "మా తోటికోడలు పిల్లల్ని తన దగ్గరికి పంపమని బతిమాలుతోంది కూడాను. నేనే వద్దన్నాను, మీరు ఒప్పుకున్నారు కదాని." ఈమె వైపు తిరిగి, కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది. "సభలో మాట్లాడతావా? దేని గురించి?"

ఆమె చెప్పింది. వదిన భర్త తినడం ఆపి విన్నాడు. అత్తగారు, "ఆ కామాల పనికి అంతంత దూరంనించి పిలుస్తారా!" అని బుగ్గన వేలేసుకుంది. మొట్టమొదటిసారి ఆమె పని ఆ బల్ల మీద, కంచాల మధ్య, కంచాలతో పాటు ఉంది. ఆయన ఊపిరి పీల్చుకుని కూర కోసం చెయ్యి చాపాడు. చెప్పడానికి ఆయనకెంత కష్టమైందో ఆమెకి తెలుసు. ఆయన పట్ల కూడా నిజంగానే కృతజ్ఞత కలిగింది. గిన్నె ఆయన దగ్గరికి జరిపింది. అలవాటు చొప్పున ఆయన వాక్యాన్ని మనసులో మరోసారి చదువుకుంది: ఆ వారం తను ఖాళీ లేదు. బాగానే ఉంది. కాస్త ఎక్కువైంది, అంతే.

"'ఆ వారం' అన్నది తీసెయ్యండి" అంది.